ఆదివారం పదిన్నరకి: టీనేజ్ పిల్లలకు మెంటర్‌గా నా అనుభవం

దరఖాస్తు నింపిన రోజుకీ, పిల్లాణ్ని మొదటిసారి కలిసిన రోజుకీ మధ్య పది వారాలు పట్టింది. చాలామంది ఈ పది వారాల్లోనే విసిగి మానేస్తారు. మానేస్తే మంచిదే. పిల్లాడు అలవాటుపడ్డాక మానేయడం కంటే అదే నయం.

ఇది హైదరాబాద్ బస్తీల్లో ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున చేసే పని. పిల్లలు 13 నుంచి 17 ఏళ్ల వాళ్లు. కొందరు బడి మానేసే అంచున ఉంటారు, కొందరు బాలల సదనం నుంచి ఇంటికి తిరిగొచ్చినవాళ్లు, మరికొందరి కేసు జువెనైల్ జస్టిస్ బోర్డు (18 ఏళ్లలోపు పిల్లల మీద కేసులు విచారించే బోర్డు) ముందు నడుస్తుంటుంది. ఒక్కో పిల్లాడికి బయటి పెద్దమనిషి ఒకరు, వారానికి గంటన్నర, కనీసం ఏడాది. ట్యూషన్ కాదు, కౌన్సెలింగ్ కాదు. మరేమిటి అని అడిగితే చెప్పడం కష్టం గానీ, చేసే తీరు మాత్రం వివరంగా చెప్పొచ్చు.

కావలసిన కాగితాలు: ఆధార్, ఇప్పుడు ఉంటున్న ఇంటి చిరునామా రుజువు, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, బంధువులు కాని ఇద్దరి హామీ. ఆ ఇద్దరికీ నిజంగానే ఫోన్ చేస్తారు కాబట్టి ముందే చెప్పి ఉంచండి. ఎక్కువ ఆలస్యం పోలీస్ సర్టిఫికెట్ దగ్గరే. ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉండి, మనం ఉండేది కూకట్‌పల్లిలో అద్దె ఇంట్లో అయితే ఫైలు అక్కడ ఆగుతుంది. విచారణకు వచ్చే వేళకి మనం ఆఫీసులో ఉంటాం. అద్దె ఒప్పందం కాపీ ఇంట్లోవాళ్లకో, పక్కింటివాళ్లకో ఇచ్చి వెళ్తే ఒక వారం కలిసొస్తుంది.

తర్వాత గంటసేపు ఇంటర్వ్యూ. పిల్లలంటే ఇష్టమా అని ఎవరూ అడగలేదు. వచ్చే 12 నెలల్లో పెళ్లి ఉందా, కంపెనీ పని మీద విదేశానికి (ఆన్‌సైట్) వెళ్లే అవకాశం ఉందా, షిఫ్టు మారుతుందా, ఇల్లు మారతారా అని అడిగారు. సంబంధం చూడ్డానికి వచ్చినట్టే ఉంటుంది, కానీ కారణం ఉంది. అమెరికాలో గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో తేల్చిన విషయం ఇది: ఏడాది, ఆపైన సాగిన మెంటర్-పిల్లాడి జతల్లో పిల్లలకు ఎక్కువ మేలు కనిపించింది, మొదట్లోనే తెగిపోయిన జతల్లో పిల్లల పరిస్థితి ఉన్నదానికంటే దిగజారింది. తొందరగా తెగినవాటిలో 26 నుంచి 30 ఏళ్ల వయసున్న, పెళ్లయిన వలంటీర్లవి ఎక్కువ. మాదాపూర్, గచ్చిబౌలి నుంచి వచ్చే వలంటీర్లలో సగం మంది ఆ వయసు వాళ్లే. అందుకే ఆ ప్రశ్నలు. నిజం చెప్పండి. "చూద్దాం సార్" అనే మాట ఇక్కడ చెల్లదు.

శిక్షణ రెండు రోజులు. సగం చట్టం, సగం నటన: ఒకరు పిల్లాడు, ఒకరు మెంటర్. మెంటర్‌గా కూర్చున్న ప్రతివాడూ నాలుగో నిమిషంలో సలహాకి దిగుతాడు. శిక్షకులు వాచీ పట్టుకుని కూర్చుంటారు. 1995లో అమెరికాలోనే 82 జతల్ని నెలల తరబడి గమనించిన ఇంకో అధ్యయనం ఉంది. పిల్లాణ్ని మార్చేయాలని మొదటి రోజు నుంచీ లక్ష్యాలు పెట్టినవాళ్ల జతలు చాలావరకు తొమ్మిది నెలలకల్లా విడిపోయాయి. ముందు స్నేహం కుదరనిచ్చి, ఏం చేయాలో పిల్లాడికే వదిలినవాళ్లవి నిలబడ్డాయి. విడ్డూరం ఏమిటంటే, చివరికి మార్పు గురించి మాట్లాడగలిగిందీ వాళ్లే.

జత కలిపేటప్పుడు అభిరుచులకు పెద్ద విలువ లేదు. ఇద్దరికీ క్రికెట్ ఇష్టమైతే ఏమవుతుంది, రెండు వారాల మాటలు దొరుకుతాయి. అసలు చూడాల్సింది దూరం: ఒకే బస్సులో అరగంటలో చేరగలగాలి. రెండు బస్సులు మారాల్సి వస్తే వానాకాలంలో ఆ జత గోవిందా. ఆ తర్వాత భాష. పాతబస్తీ పిల్లాడితో మాట్లాడాలంటే హైదరాబాదీ హిందీ రావాలి. పుస్తకాల తెలుగు మాట్లాడేవాళ్లకి తెలుగు పిల్లాడు కూడా చిక్కడు. అబ్బాయికి మగ మెంటర్, అమ్మాయికి ఆడ మెంటర్ అనే నియమానికి మినహాయింపు లేదు.

మొదటి కలయిక నలభై నిమిషాలు. సంస్థ తరఫు సమన్వయకర్త, పిల్లాడు, తల్లి లేదా సంరక్షకులు, మనం. కమ్యూనిటీ హాలు, గ్రంథాలయం, పార్కు, ఏదైనా సరే, నలుగురి కంటపడే చోటు కావాలి. వాళ్లింట్లో వద్దు, మనింట్లో వద్దు, కారులో అసలే వద్దు. చేతిలో ఏమీ తీసుకెళ్లొద్దు. చాక్లెట్ డబ్బాతో మొదలుపెడితే రెండోవారం చూపు మన చేతుల మీదే ఉంటుంది.

పిలుపు సంగతి అప్పుడే తేల్చుకోవాలి. "సార్" అంటే వాడికి బడీ, పోలీస్ స్టేషనూ రెండూ గుర్తొస్తాయి. "అన్నా", "అక్కా" హాయిగా నడుస్తాయి. "నన్ను మీ నాన్న అనుకో" అన్న మాట మాత్రం నోట రాకూడదు. నాన్న ఉన్న ఇల్లయితే అవమానం, లేని ఇల్లయితే రేపు మనం నిలబెట్టుకోలేని మాట. తల్లిని "అమ్మా, మీరు" అనాలి, ఆమె మనకంటే చిన్నదైనా సరే. ఇళ్లలో పనిచేసే ఆవిడని కొడుకు ముందు "నువ్వు" అన్న వలంటీరుని ఆ ఇల్లు మళ్లీ నమ్మదు.

ఆ రోజే, తల్లి వింటుండగా చెప్పాల్సిన మాట ఒకటుంది. నేను ఇలా చెప్తాను: "నువ్వు చెప్పేది నా దగ్గరే ఉంటది. మూడు సంగతులు మాత్రం దాచను. నీకు నువ్వు హాని చేసుకోవాలనుకున్నా, ఎవరైనా నిన్ను హింసిస్తున్నా, నువ్వు ఎవరికైనా హాని చేయబోతున్నా ఆఫీసుల అక్కకు చెప్తా. చెప్పే ముందు నీకు చెప్పి చెప్తా." ఇది ముందే చెప్పకపోతే ఎనిమిదో నెలలో "అన్నా, ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్" అన్నప్పుడు ఇరుక్కుపోతాం. 2012 పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల దాకా జైలు, జరిమానా లేదా రెండూ. వలంటీరుకి ఇందులో మినహాయింపు లేదు.

ఇదే చట్టానికి ఇంకో అంచు ఉంది. 17 ఏళ్ల కుర్రాడు, 16 ఏళ్ల అమ్మాయి ఇష్టపడి దగ్గరైనా చట్టం దృష్టిలో ఆ అమ్మాయి సమ్మతికి విలువ లేదు. అమ్మాయి తరఫువాళ్లు ఫిర్యాదు చేస్తే కుర్రాడు బోర్డు ముందు నిలబడతాడు. పదహారేళ్ల ప్రేమ బయటపడ్డాక చట్టం చెప్పబోతే బెదిరింపులా వినిపిస్తుంది. అందుకే రెండో నెలలోనే, ఎవరి పేరూ లేకుండా, బైక్ లైసెన్స్ గురించి మాట్లాడినంత మామూలుగా చెప్పేయాలి.

మొదటి మూడు నెలలే అసలు పరీక్ష, అది మనకే. రోజు, సమయం మార్చకూడదు. ఆదివారం పదిన్నర అంటే పదిన్నరే. శనివారం సాయంత్రం తల్లి ఫోన్‌కి ఒక కాల్ చేయాలి. వాట్సాప్ మెసేజ్ సరిపోదు, ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో తెలియదు. మూడో వారమో నాలుగో వారమో పిల్లాడు రాడు. రాత్రి ఫంక్షన్ హాల్లో కేటరింగ్‌కి సర్వింగ్‌కి పోయి తెల్లవారి వచ్చి పడుకుని ఉంటాడు. ఉన్న ఒక్క మంచి చొక్కా తడిసి ఉంటుంది. చెల్లెల్ని చూసుకునే దిక్కు ఉండదు. లేదా ఏ కారణమూ లేకుండా, రాకపోతే ఈయన ఏం చేస్తాడో చూద్దామని రాడు. ఈ నాలుగింటిలో ఏదో మనకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. అరగంట ఆగాలి. "వచ్చాను, వచ్చే ఆదివారం మళ్లీ వస్తాను" అని కబురు పెట్టి రావాలి. మరుసటి వారం "పోయినసారి ఎందుకు రాలేదు?" అని మొదలెడితే కథ అక్కడికే సరి. రెండుసార్లు ఇలా వెళ్లొస్తే మూడోసారి మన కంటే ముందే వచ్చి గోడ మీద కూర్చుని ఉంటాడు. వరసగా నాలుగుసార్లు రాకపోతే మనం ఇంటికి వెళ్లకూడదు, సమన్వయకర్తే వెళ్తారు.

ఎదురెదురుగా కుర్చీల్లో కూర్చుంటే అది స్టేషన్‌లో విచారణలా మారుతుంది. పక్కపక్కన నడవాలి, లేదా చేతులకి పని ఉండాలి. క్యారమ్‌బోర్డు, సైకిల్ పంక్చర్, పాత మిక్సీ విప్పడం, బస్సెక్కి సికింద్రాబాద్ దాకా పోయి చాయ్ తాగి రావడం, ఏదైనా పనికొస్తుంది. ముఖ్యమైన మాటలు ఎప్పుడూ చివరి పది నిమిషాల్లోనే వస్తాయి, బస్టాప్ కనపడ్డాక. అందుకని పన్నెండింటికి ముగించాలంటే పదకొండూ ముప్పావుకే లేవాలి. "ఎందుకు" అన్న మాట వాడొద్దు, ఆ మాటని వాడు పోలీసు నోట, హెడ్‌మాస్టర్ నోట వినే పెరిగాడు. "తర్వాత ఏమైంది?" అంటే చాలు. వాడు మౌనంగా ఉంటే మనమూ ఉండాలి. ఇరవై సెకన్ల మౌనం పెద్దవాళ్లకే కష్టం, వాళ్లకు కాదు.

డబ్బు గురించి నియమం సూటిగా ఉంటుంది: అప్పు లేదు, రీచార్జ్ లేదు, ఫీజు లేదు. చాయ్, టిఫిన్ కలిపి వారానికి వంద రూపాయలు దాటకూడదు, ఆ ఖర్చు కూడా లెక్కలో రాయాలి. ఇది పిసినారితనంలా కనిపిస్తుంది. కానీ ఐదు వందలు అప్పిస్తే తీర్చలేక మొహం చాటేసేది పిల్లాడే, ఐదు వందల కోసం మెంటర్‌ని పోగొట్టుకునేదీ వాడే. అవసరం నిజమైతే ఆఫీసుకి చెప్పి సరైన దారి పట్టించాలి. కేంద్రం మిషన్ వాత్సల్య కింద, ఎంపికైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్తుంది. వెంటనే రాదు. అయినా అది ఆ ఇంటికి హక్కుగా వచ్చే డబ్బు, ఎవరికీ తలవంచక్కర్లేదు.

మన బైక్ ఇవ్వకూడదు, ఖాళీ గ్రౌండ్‌లో ఒక్క రౌండుకైనా సరే. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 199ఎ సెక్షన్ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. డెలివరీ పని చేసి బతకాలనుకునే కుర్రాడికి అది ఎంత పెద్ద దెబ్బో వేరే చెప్పక్కర్లేదు.

మత్తు గురించి రెండు మాటలు ఎక్కువే చెప్పాలి. ఈ వయసు పిల్లల్లో చవగ్గా దొరికేవి వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్. చేతిగుడ్డకో, చొక్కా చేతికో పోసి పీలుస్తారు. గుర్తులు: బట్టల్లో రసాయనం వాసన, ముక్కు, మూతి చుట్టూ పుండ్లు, ఎర్రటి కళ్లు, మాట ముద్దగా రావడం. పీల్చిన స్థితిలో ఎదురుపడితే కేకలు వేయకూడదు, వెంటపడి తరమకూడదు. ఆ ఆవిర్లు గుండె లయను దెబ్బతీస్తాయి. ఉలిక్కిపడినా, పరుగెత్తినా అక్కడికక్కడే గుండె ఆగి చనిపోవచ్చు. గాలి ఆడే చోట కూర్చోబెట్టి, మెల్లగా మాట్లాడుతూ, ఇంటివాళ్లు వచ్చేదాకా పక్కనే ఉండాలి. స్పృహ తప్పితే 108. ఆ రోజు మాట్లాడాల్సింది ఏమీ లేదు. మరుసటి వారం మాట్లాడొచ్చు, మానడానికి సాయం కావాలంటే 14446 నంబరుంది. మానాక మళ్లీ మొదలెట్టడం మామూలే. మూడోసారి కూడా అదే ముఖంతో వెళ్లాలి.

"ఒకసారి చంచల్‌గూడ జైలు చూపిస్తే దారికొస్తారు" అని ప్రతి శిక్షణలోనూ ఎవరో ఒకరు అంటారు. జైలు చూపించి భయపెట్టే కార్యక్రమాల్ని అమెరికాలో ఏళ్లతరబడి నడిపారు. ఆ ఫలితాలన్నీ కలిపి చూస్తే, వెళ్లని పిల్లల కంటే వెళ్లొచ్చినవాళ్లే ఎక్కువ నేరాలు చేశారు.

బోర్డు ముందు కేసున్న పిల్లల విషయంలో చట్టం వాడే మాట "చట్టంతో ఘర్షణలో ఉన్న బాలలు". నేరస్థుడు, ముద్దాయి అన్న మాటలు లాగ్‌బుక్‌లోకి కూడా రాకూడదు. జరిగిన సంఘటన గురించి మెంటర్ అడగడు. అడిగి తెలుసుకుంటే రేపు మనల్నే సాక్షిగా పిలవొచ్చు. వాడంతట వాడు మొదలెడితే "ఈ సంగతి లాయర్‌తో మాట్లాడు" అని ఆపాలి. బోర్డు తరఫున పిల్లాణ్ని గమనించే ప్రొబేషన్ అధికారికి మన పేరు, కలిసే రోజు తెలిసి ఉండాలి, అంతే. ఫోటోలు, స్టేటస్‌లు అస్సలు కుదరవు: 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 ప్రకారం పిల్లల్ని గుర్తుపట్టేలా ఏది ప్రచురించినా ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా లేదా రెండూ. ముఖం మీద ఎమోజీ పెట్టినా బస్తీలో చొక్కా చూసి గుర్తుపడతారు. పిల్లలకు తప్పక చెప్పాల్సింది సెక్షన్ 24. కేసు తేలాక ఆ తీర్పు వల్ల వచ్చే అనర్హతలేవీ వాళ్లని అంటవు. పదహారు దాటి, ఘోరమైన నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగినవాళ్లకు ఈ రక్షణ లేదు. "ఇంక నాకు ఉద్యోగం రాదు గదన్నా" అన్నప్పుడు ధైర్యం చెప్పడం కంటే ఈ సెక్షన్ చదివి వినిపించడం మేలు.

మెంటర్ చేతికి నిజంగా పని దొరికేది కాగితాల్లో. ఇది చిన్న పనిగా కనిపిస్తుంది గానీ పదిహేనేళ్ల పిల్లాడి భవిష్యత్తు ఒక అక్షరం దగ్గర ఆగిపోవడం ఇక్కడ రోజూ జరిగేదే. తొమ్మిదో తరగతిలో ఉండగానే ఆధార్, బడి రిజిస్టర్, కుల ధ్రువీకరణ పత్రం, మూడూ పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటుంది. తండ్రి పేరు మూడుచోట్ల మూడు రకాలు. ఆధార్‌లో పుట్టిన తేదీ చాలాసార్లు జనవరి 1. ఆధార్‌లో పేరు రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చుకోవచ్చు కాబట్టి ఏ కాగితాన్ని దేనికి సరిచేయాలో ముందు తేల్చుకోవాలి. తప్పు తేదీకి మారిస్తే మళ్లీ మార్చుకోవడం చాలా కష్టం. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితాలు) బోర్డుకి వెళ్లేలోపు ఇదంతా అయిపోవాలి. మెమో అచ్చయ్యాక దిద్దించడం నెలల పని. 15 నిండాక వేలిముద్రలు, కనుపాపలు ఆధార్‌లో మళ్లీ ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాత స్కాలర్‌షిప్ దగ్గర వేలిముద్ర పడదు. కుల, ఆదాయ పత్రాలు మీసేవలో. క్యూలో నిలబడేది తల్లీ, పిల్లాడూ. మనం పక్కన ఉంటాం. మనమే చేసిపెడితే వచ్చే ఏడాదీ మనమే చేయాలి.

పది ఫెయిలైతే లోకం మునిగిపోయిందనుకునే ఇళ్లకు చెప్పాల్సినవి: వేసవిలోనే సప్లిమెంటరీ ఉంటుంది, పాసుకు 35 మార్కులు. అదీ కాకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. ఐటీఐలో వెల్డర్, వైర్‌మన్ ట్రేడ్‌లకు ఎనిమిది పాసైతే చాలు. వెల్డర్ ఏడాది, వైర్‌మన్ రెండేళ్లు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌కి పది కావాలి. ఫలితాలొచ్చిన రోజు ఎవరూ చెప్పకపోయినా ఫోన్ చేయాలి. ఆ రాత్రి భయంగా అనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 రాత్రింబవళ్లు పలుకుతుంది, తెలుగులో కూడా. ఆ నంబరు ఫలితాలకి నెల ముందే వాడి నోట్‌బుక్‌లో రాయించాలి.

లాగ్‌బుక్ ఐదు వరసలు, కలిసిన రోజే రాయాలి: ఎప్పుడు వచ్చాడు, ఎక్కడికి వెళ్లాం, ఏం తిన్నాం, తను చెప్పిన కొత్త సంగతి, వచ్చేవారం ఏమిటి. "బాగా మెరుగుపడ్డాడు" అని రాస్తే సమన్వయకర్త కొట్టేస్తారు, "నాలుగు వారాల్లో మూడుసార్లు సమయానికి వచ్చాడు" అని రాయమంటారు. నెలకోసారి ఆవిడతో అరగంట ఫోన్. మొదట్లో అది తనిఖీలా అనిపించింది. రాత్రి పదకొండుకి "అన్నా, ఇంట్ల కొడుతున్నరు" అని ఫోన్ వస్తే ఏం చేయాలో ముందే మాట్లాడుకుని ఉంచేది ఆ అరగంటలోనే అని తర్వాత తెలుస్తుంది. అలాంటప్పుడు బండేసుకుని వెళ్లకూడదు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చేయాలి, వెంటనే ఆవిడకి చేయాలి, వాడితో లైన్‌లో ఉండాలి.

ఇక ముగించడం. ఏడాది నిండే ఆరు వారాల ముందు తేదీ చెప్పాలి, క్యాలెండర్‌లో చూపించాలి. చెప్పిన మరుసటి వారం చాలామంది రారు. తండ్రి చెప్పకుండా వెళ్లిపోయిన ఇళ్ల పిల్లలైతే మరీను: వదిలేసేలోపు తామే వదిలేయాలని చూస్తారు. ఇక్కడా అదే పద్ధతి, అరగంట ఆగి, కబురు పెట్టి రావడం. "ఎప్పుడైనా ఫోన్ చెయ్" అని అనకూడదు, మనం ఎత్తని రోజు వస్తుంది. "మూడు నెలలపాటు ప్రతి నెలా మొదటి ఆదివారం నేనే చేస్తా" అని చెప్పి, ఆ మూడు తేదీలూ ఫోన్‌లో అలారం పెట్టుకోవాలి. ఇంకో ఏడాది సాగించాలనుకుంటే అది ముందు ఆఫీసుతో, తర్వాత తల్లితో, ఆఖరున పిల్లాడితో మాట్లాడాలి, ఆ వరసలోనే.

చివరి రోజు కలయిక మామూలు రోజులాగే గంటన్నర. క్యారమ్స్ అయితే క్యారమ్స్, చాయ్ అయితే చాయ్. లాగ్‌బుక్‌లో వాడు చెప్పిన సంగతుల్లోంచి ఓ పది ఏరి ఒక కాగితం మీద తేదీలతో రాసిస్తాను: ఫలానా రోజు సైకిల్ చెయిన్ నువ్వే ఎక్కించావు, ఫలానా రోజు మీసేవలో నువ్వే మాట్లాడావు. దాన్ని అక్కడ చదవనివ్వను, ఇంటికెళ్లి చదువుకోమంటాను.